నిధికి నేరుదారి: ఒక విమర్శ

2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదు తూర్పు శివార్లలో కురిసిన వాన ఎంతటిదో తెలియటానికి ఒక్క అంకె చాలును. హయత్‌నగర్, ఘట్‌కేసర్ ప్రాంతాల వర్షమాపకాలలో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వర్షం నమోదయినది. ఈ నగరానికి ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 80 సెంటీమీటర్లు. అనగా ఏడాది వానలో మూడవ వంతుకు మించినది ఒక్క రోజున పడినదన్నమాట. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మొదలు మీర్‌పేట్ దాకా ఉన్న పల్లపు కాలనీలన్నీ నీట మునిగినవి. మీర్‌పేట్‌లోని మిథిలా నగర్ వంటి చోట్ల వాన వెలిసిన తరువాత కూడ నీరు కదలలేదు. పైనున్న చెరువుల అలుగులు పారుతూనే ఉండగా, కింద నీరు పోవటానికి దారి లేకపోయినది.

ఆ నష్టానికి సొమ్ము ఎక్కడినుండి వచ్చినది? రాష్ట్ర ప్రభుత్వం ముంపునకు గురియైన కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున తక్షణ సహాయం ప్రకటించినది. ఆ తరువాత నగరంలోను, శివారు పురపాలికలలోను నాలాలను వెడల్పు చేసే పథకం మొదలయినది. మిగిలినదంతా ఇళ్లవారు తమ జేబులలోనుండి పెట్టుకున్నదే. నానిపోయిన బీరువాలు, మంచాలు, ద్విచక్ర వాహనాల ఇంజన్లు ఏ లెక్కలోకీ రాలేదు. శీతోష్ణస్థితి మార్పు వలన దెబ్బతినే దేశాలకోసమని ప్రపంచంలో ఏర్పడిన నిధులనుండి మాత్రం మీర్‌పేట్‌కు ఒక్క డాలరు కూడ రాలేదు.

ఇటువంటి నిధులు లేకపోలేదు, చాల ఉన్నవి. వాటిలో కొన్ని, మధ్యవర్తులతో పని లేకుండ వెనుకబడిన దేశాలే నేరుగా వచ్చి అందుకొనవచ్చునని బాహాటంగా ప్రకటించినవి కూడ. ఈ నేరుదారిని ప్రపంచమంతటా ఒక గొప్ప సంస్కరణగా చెప్పుకుంటున్నారు. ఆ మాటలో నిజమెంత, పొల్లు ఎంత అనేది తెలుగు ప్రాంతపు అనుభవంతోనే తూచి చూడవచ్చును. ఎందుకనగా ఈ దారిన వచ్చిన సొమ్ముతో కృష్ణా డెల్టా చివర ఒక పని జరిగినది. అదే దారి మీర్‌పేట్ దాకా రాలేదు. ఒకచోటికి ఎందుకు రాగలిగినది, మరొకచోటికి ఎందుకు రాలేదు అని విచారిస్తే ఈ ఏర్పాటు లోగుట్టు బయటపడుతుంది.

ముందుగా పూర్వకథ కొంత. 1992లో రియో డి జనీరో నగరంలో శీతోష్ణస్థితి ఒడంబడిక కుదిరినప్పుడు, సంపన్న దేశాలు తక్కిన దేశాలకు ధనసహాయం చేయవలెనని అందులో రాసుకున్నారు. ఆ సహాయం చాలకాలం ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వంటి పెద్ద సంస్థల చేతులమీదుగానే నడిచినది. ఏ దేశంలో ఏ పని చేయవలెనో రాసేది వారి నిపుణులు, లెక్కలు చూసేది వారే, పని పూర్తయిన తరువాత నివేదిక ఇచ్చేది కూడ వారే. దేశం పాత్ర చాలవరకు సంతకం పెట్టటం.

అడాప్టేషన్ ఫండ్, అనగా అనుకూలన నిధి, ఈ పద్ధతిని మార్చినది. దీని పుట్టుకే వేరు. 1997 నాటి క్యోటో ఒప్పందం కింద, వెనుకబడిన దేశాలలో కాలుష్యాన్ని తగ్గించే కర్మాగారాలకు, విద్యుత్కేంద్రాలకు పత్రాలు ఇచ్చేవారు. ఒక్కొక్క పత్రం ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును ఆపినదానికి గుర్తు. సంపన్న దేశాలు ఆ పత్రాలను కొనుక్కునేవి. ఆ పత్రాలలో నూటికి రెండు చొప్పున తీసి, అమ్మి, ఆ సొమ్ముతో ఈ నిధిని నింపినారు. అత్యధికంగా పత్రాలు పొందిన దేశం చైనా, దాని తరువాత భారతదేశం. ఆంధ్రదేశంలో ఊక, పత్తికట్టె మండించి విద్యుత్తు తీసిన చిన్న కేంద్రాలు కూడ ఈ పత్రాలు పొందినవి. కాబట్టి ఈ నిధిలో కొంత భాగం ధనిక దేశాల దానం కానే కాదు. పల్నాటి పత్తికట్టె, గోదావరి తీరపు ఊక వంటి వాటి కష్టార్జితం అందులో కలిసి ఉన్నది. ఈ సంగతిని నిధులను గురించి రాసేవారు తరచు మరచిపోతారు. 2012, 2013 నాటికి ఆ పత్రాల ధర యూరోకన్న కిందికి పడిపోవటంతో నిధి మళ్లీ దాతల దయమీద ఆధారపడవలసి వచ్చినది. అది వేరే కథ.

2007లో బాలి సమావేశంలో ఈ నిధికి ఒక బోర్డును ఏర్పరచినారు. అందులో వెనుకబడిన దేశాల ప్రతినిధులదే మెజారిటీ. ఆ బోర్డే నేరుదారిని తెరిచినది. ఒక దేశంలోని సంస్థ తన లెక్కల నిర్వహణ, తనిఖీ, కొనుగోళ్ల పద్ధతి, అవినీతిని అరికట్టే ఏర్పాట్లు సక్రమంగా ఉన్నవని రుజువు చేసుకుంటే చాలును, దానికి గుర్తింపు ఇచ్చి సొమ్మును నేరుగా దాని చేతికే ఇస్తారు. 2010లో మొదటి గుర్తింపు పొందినది పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు పర్యావరణ పరిశీలన కేంద్రం. సముద్రం కోతవేస్తున్న మూడు తీర పట్టణాలను కాపాడటానికి ఆ సంస్థ 86 లక్షల డాలర్లు తెచ్చుకున్నది.

భారతదేశంలో ఈ గుర్తింపు 2012లో నాబార్డుకు వచ్చినది. 1982లో ఏర్పడిన ఈ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకును తెలుగు రైతులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. వాటర్‌షెడ్ పనులు, స్వయం సహాయక సంఘాల రుణాలు దాని ద్వారానే ఊళ్లకు చేరినవి. ఇంత పెద్ద బ్యాంకుకు గుర్తింపు దొరకటం ఆశ్చర్యం కాదు. అయితే ఒక బ్యాంకు గుర్తింపు పొందినదంటే దేశం గుర్తింపు పొందినట్లేనా? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే.

నాబార్డు ద్వారా అనుకూలన నిధినుండి దేశానికి వచ్చిన పనులలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కినది. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలోని సొర్లగొంది, నాలి అనే తీర గ్రామాలు దాని క్షేత్రం. 2014 అక్టోబరులో నిధి బోర్డు దానిని ఆమోదించినది. మొత్తం 6,89,264 డాలర్లు, అప్పటి మారకం ప్రకారం నాలుగు కోట్ల రూపాయల పైచిలుకు. పని చేసినది ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ.

సొర్లగొంది పేరు వినగానే పెద్దవారికి 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. ఆనాటి దివిసీమ ఉప్పెనలో సముద్రం ఊళ్లమీదికి వచ్చి పదివేలమందికి పైగా ప్రాణాలు తీసినది. అత్యంత ఘోరంగా దెబ్బతిన్న ఊళ్లలో సొర్లగొంది ఒకటి. మడ అడవి అడ్డుగా ఉన్నచోట కెరటం ఉధృతి కొంత తగ్గినదని ఆ తీరంవారు చెబుతారు. శాస్త్రం కూడ ఆ మాటనే బలపరుస్తున్నది. మడ చెట్ల వేళ్లు, కాండాలు నీటి వేగాన్ని తగ్గిస్తవి, కొట్టుకువచ్చే ఒండ్రును పట్టి నిలుపుతవి.

ఈ మడ అడవులు క్షీణించటానికి అందరూ అనుకొనే కారణం గొడ్డలి. కాని అది ఒక్కటే కాదు. అడవిని ఒకసారి నరికినచోట నేల ఎండి, కుంగి, పళ్లెంవలె గుంట పడుతుంది. పోటు నీరు అందులోకి వచ్చి తిరిగి పోవటానికి వీలుండదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరియై ఉప్పు మిగులుతుంది. ఏటేటా ఉప్పు పెరిగి చివరకు మడ మొక్క కూడ బతకలేని నేలగా మారుతుంది. స్వామినాథన్ సంస్థవారు కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో చాలకాలంగా చేసిన పని ఈ కిటుకు మీదనే ఆధారపడినది. చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపుల ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి రప్పించటం, ఉప్పు కడిగివేయటం, ఆ తరువాతనే మొక్కలు నాటటం. ఖర్చు తక్కువ, కావలసినది మట్టి పని, నీటిమట్టాల కొలత మాత్రమే.

నిధి సొమ్ముతో సొర్లగొంది, నాలి గ్రామాలలో తలపెట్టినది దీనికి ఒక మెట్టు పైది. మడ చెట్లను, చేపల చెరువును కలిపి పెంచే పద్ధతి. మామూలు రొయ్యల చెరువుకు చెట్లు కొట్టివేయవలెను, మోటారుతో నీరు తోడవలెను, మేత కొని వేయవలెను. 1994 ప్రాంతంలో తెల్లమచ్చల తెగులు వచ్చినప్పుడు కోస్తాలో ఎంతమంది రొయ్యల రైతులు దివాలా తీసినారో జనం మరచిపోలేదు. ఈ కొత్త పద్ధతిలో చెరువు లోపల కూడ గట్లు పోసి వాటిమీద మడ మొక్కలు, ఉప్పునేలలో పెరిగే ఇతర మొక్కలు వేస్తారు. గట్ల మధ్య కాలువలలో చేపలు, రొయ్యలు, పీతలు పెరుగుతవి. నీరు తూము ద్వారా పోటుకు వస్తుంది, పాటుకు పోతుంది. మోటారు అక్కరలేదు. చెట్టు ఆకులు రాలి కుళ్లి చేపలకు మేతలో కొంత భాగమవుతవి. సముద్రమట్టం పెరిగినకొద్దీ లోపలికి చొచ్చుకువచ్చే ఉప్పునీటిని శత్రువుగా చూడక, దానితోనే బతుకుతెరువు సాగించటం ఇందులోని ఆలోచన. 2006, 2018 సంవత్సరాల మధ్య ప్రపంచ సముద్రమట్టం ఏటా సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం లెక్క కట్టినది. దివిసీమవంటి పల్లపు నేలలో ఇది చిన్న సంగతి కాదు.

పద్ధతిలోనూ లోపాలు లేకపోలేదు. మేత వేసి, గాలి కొట్టి పెంచే చెరువుకు వచ్చినంత రాబడి దీనికి రాదు. రొయ్య ధర బాగున్న ఏడాది గట్టుమీది చెట్టును కొట్టివేయాలని రైతుకు అనిపించకమానదు. నీరు ఆడవలసిన తూముకు ఒండ్రు పట్టినప్పుడు తీసేదెవరు? ప్రదర్శనకోసం కొన్ని చెరువులు తయారుచేసి, గడువు తీరిన తరువాత వెళ్లిపోయే పథకాలన్నిటికీ ఉండే జబ్బు ఇదే. అయినప్పటికీ ఈ పనిలో నేరుదారి విలువ స్పష్టంగా కనిపిస్తుంది. పద్ధతి ఈ తీరంలోనే పుట్టి పెరిగినది. పని చేసినవారికి ఇక్కడి పోటుపాటులు తెలుసు. బ్యాంకువారికి ఇక్కడి రైతు లెక్కలు తెలుసు. విదేశీ నిపుణుడు వచ్చి మడ చెట్టు అంటే ఏమిటని అడిగి, తిరిగి తీరవాసులకే బోధించవలసిన అవస్థ తప్పినది.

నేరుదారిని మెచ్చుకొనేవారు సాధారణంగా చెప్పే మాట ఇంకొకటి ఉన్నది: మధ్యవర్తి కమిషను మిగులుతుందని. ఈ వాదం బలహీనమైనది. అనుకూలన నిధి నియమం ప్రకారం పర్యవేక్షణ రుసుము పథకం ఖర్చులో 8.5 శాతానికి మించరాదు. ఈ పరిమితి అంతర్జాతీయ సంస్థకైనా, నాబార్డుకైనా ఒక్కటే. మిగిలేది సొమ్ము కాదు, నేర్పు. పథకం రాయటం, పర్యావరణ హానిని ముందే అంచనా కట్టటం, ఫలితాలను కొలవటం అనే పనులు దేశం లోపలి మనుషుల చేతికి అబ్బుతవి. ఇది నిజమైన లాభం. కాని ఆ నేర్పు ఎవరికి అబ్బినది? ముంబయిలోని ప్రధాన కార్యాలయానికి, కొన్ని పరిశోధన సంస్థలకు. జిల్లా అధికారికిగాని, పురపాలక ఇంజనీరుకుగాని అది ఇంకా చేరలేదు.

సొమ్ము పరిమాణం సంగతి చూస్తే విచిత్రంగా ఉంటుంది. అనుకూలన నిధి మొదట్లో దేశానికి ఒక కోటి డాలర్లకు మించి ఇవ్వరాదని గిరి గీసినది. సెనెగల్‌కూ కోటే, భారతదేశానికీ కోటే. నాబార్డు ద్వారా ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్, ఉత్తరాఖండ్ మొదలైన చోట్ల ఆరు పథకాలు వచ్చేసరికి మొత్తం 98 లక్షల డాలర్లు దాటి, గీత దగ్గరికి చేరినది. 2021లో ఆ పరిమితిని రెండు కోట్లకు పెంచినారు. నూరుకోట్ల జనాభాకు మించిన దేశానికి రెండు కోట్ల డాలర్లు! తలకు ఒక రూపాయిన్నర కూడ రాదు. చిన్న ద్వీపదేశాలకు అన్యాయం జరుగకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఈ గిరి గీసినారు, దానిని తప్పుపట్టనక్కరలేదు. అయితే ఈ నిధి భారతదేశంలో నమూనాలు చూపటానికే పనికివస్తుంది, అవసరాలు తీర్చటానికి కాదు అనే సంగతి దాచకుండ చెప్పవలెను.

పెద్ద సొమ్ము ఉన్నది గ్రీన్ క్లైమేట్ ఫండ్‌లో. 2010లో కాన్‌కున్ సమావేశంలో నిర్ణయించి, దక్షిణ కొరియాలోని సొంగ్డో నగరంలో దీనిని నెలకొల్పినారు. మొదటి విడతగా 1,000 కోట్ల డాలర్లకు పైగా వాగ్దానాలు వచ్చినవి. ఇక్కడ కూడ నేరుదారి ఉన్నది. 2015లో నాబార్డు ఇందులోనూ గుర్తింపు పొందినది. ఒడిశా గిరిజన ప్రాంతాలలో భూగర్భజలాలను పెంచే పథకానికి 2017లో సుమారు 3.4 కోట్ల డాలర్లు నేరుగా తెచ్చినది కూడ. అంటే చేతకానితనం లేదు.

కాని 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకోసం ఇదే నిధినుండి వచ్చిన 4.34 కోట్ల డాలర్ల గ్రాంటు ఏ దారిన వచ్చినదో చూడవలెను. అది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చినది. విషయం మళ్లీ మడ అడవులు, తీరవాసుల జీవనోపాధులే. మూడు రాష్ట్రాలకు పంచవలసినదే అయినా, సొర్లగొంది పథకానికి ఇది అరవై రెట్లకు మించినది. ఒకే తీరానికి రెండు ద్వారాలు: చిన్న ద్వారం దేశీయ సంస్థది, పెద్ద ద్వారం పాత మధ్యవర్తిది. చిన్న ద్వారం దగ్గర నేర్చిన పాఠం పెద్ద ద్వారం దగ్గర ఎందుకు ఉపయోగపడలేదు? భారతదేశంవంటి దేశమే పెద్ద పథకానికి మధ్యవర్తిని ఆశ్రయిస్తే, ఇరవైమంది ఉద్యోగులున్న శాఖతో నెట్టుకొచ్చే ద్వీపదేశం మాట చెప్పేదేమున్నది? ప్రపంచం మొత్తం మీద చూసినా గ్రీన్ క్లైమేట్ ఫండ్ సొమ్ములో ఎక్కువ భాగం ఇప్పటికీ అంతర్జాతీయ సంస్థల ద్వారానే పోతున్నది. దారి తెరిచినారు, నిజమే. దారివెంట నడవటానికి కావలసిన తీరిక, మనుషులు, ముందుగా పెట్టవలసిన ఖర్చు ఎవరిదగ్గర ఉన్నవో వారే నడుస్తున్నారు.

అప్పుకూ గ్రాంటుకూ ఉన్న తేడాను కూడ ఈ చర్చలో తరచు కలిపివేస్తారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయాన్ని అరవై లక్షలమంది రైతులకు విస్తరించటానికి ఒక విదేశీ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థల తోడ్పాటుతో 230 కోట్ల డాలర్ల దాకా సమీకరిస్తారని ఘనంగా ప్రకటనలు వెలువడినవి. తరువాత చేతికి వచ్చిన చెప్పుకోదగిన విదేశీ సొమ్ము జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన 9 కోట్ల యూరోల రుణం. రుణం తీర్చవలసినది. శీతోష్ణస్థితిని చెడగొట్టినవారు అప్పిచ్చి, నష్టపోయినవారు వడ్డీ కట్టే ఏర్పాటును నేరుదారి అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు.

ఇక మీర్‌పేట్. ఇక్కడినుండి ఒక పథకం బయలుదేరవలెనంటే ఏ ఏ మెట్లు ఎక్కవలెనో చూడండి. పురపాలక ఇంజనీరు రాసినది రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడినుండి ఢిల్లీలోని పర్యావరణ, అటవీ, శీతోష్ణస్థితి మార్పు మంత్రిత్వశాఖకు చేరవలెను. అభ్యంతరం లేదని ఆ శాఖ లేఖ ఇవ్వవలెను. నాబార్డువంటి గుర్తింపు పొందిన సంస్థ దానిని తనదిగా స్వీకరించి, వందల పేజీల ఇంగ్లీషు పత్రంగా మలచవలెను. ఆ తరువాతనే బోర్డు. గ్రామీణాభివృద్ధికోసం పుట్టిన బ్యాంకు గ్రామాల పథకాలు చేపట్టటం సహజమే. నగరపు శివారు చెరువు దాని పరిధిలో ఎక్కడ ఇముడుతుందో చెప్పటం కష్టం. అనుకూలన నిధి సొమ్ముతో దేశంలో జరిగిన ఆరు పనులలో నగరపు వరదకు సంబంధించినది ఒక్కటి కూడ లేకపోవటం యాదృచ్ఛికం కాదు.

మెట్లకన్న పెద్ద అడ్డు ఇంకొకటి ఉన్నది. నిధివారు మొదట అడిగే ప్రశ్న: ఈ కష్టం శీతోష్ణస్థితి మార్పు వలన వచ్చినదేనా, స్థానిక నిర్లక్ష్యం వలన వచ్చినదా? మీర్‌పేట్ విషయంలో ఈ ప్రశ్న గొంతులో వెలక్కాయ. ఈ ప్రాంతంలోని చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగువెంట కింది చెరువుకు పోవలెను, అక్కడినుండి ఇంకొకదానికి, చివరకు మూసీకి. పూర్వులు కట్టిన ఈ ఏర్పాటులో ప్రతి చెరువూ పైదానికి ఊపిరి, కిందిదానికి కాపలా. ఇరవయ్యవ శతాబ్దం చివరినుండి నగరం ఇటు పెరిగినప్పుడు చెరువుల శిఖం భూములు ఇళ్లస్థలాలైనవి, వాగులు సన్నని నాలాలైనవి. 30 సెంటీమీటర్ల వాన సంగతి సరే, 10 సెంటీమీటర్ల వానకే నీరు వీధులలోకి వస్తుంది. కాబట్టి ఇది మీ పట్టణ ప్రణాళిక లోపమే గాని శీతోష్ణస్థితి దోషం కాదని నిధివారు పంపివేయవచ్చును.

ఆ మాటలో సగం నిజం ఉన్నది. మిగిలిన సగం భౌతికశాస్త్రం చెబుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటియావిరిని పట్టి ఉంచగలదు. అందువలన కురిసినప్పుడు కుంభవృష్టిగా కురిసే అవకాశం పెరుగుతుంది. నాలా ఇరుకు కావటం స్థానికుల తప్పు, వాన బరువెక్కటం ప్రపంచం తప్పు. ఒకే ఇంటిలోకి వచ్చిన మోకాలిలోతు నీటిని ఇది మీది, ఇది మాది అని గీత గీసి విడదీయటం ఏ కొలబద్దకూ సాధ్యం కాదు. నిధివారి ప్రశ్న పేద నగరాలకు విశేషంగా అన్యాయం చేస్తుంది. ఎందుకనగా నాలాలు సక్రమంగా ఉన్న నగరమే తన నష్టాన్ని వాన మీదికి నిక్కచ్చిగా తోయగలదు. పేద నగరం ప్రతి వరదలోనూ సగం నేరస్థురాలిగా నిలబడవలసి వస్తుంది.

అట్లాగని ఆ ప్రశ్నను కొట్టివేయటం కూడ ప్రమాదమే. శిఖం భూమిలో ఇంటికి అనుమతి ఇచ్చినవారి బాధ్యతను సొంగ్డో పంపే డాలర్లతో కడిగివేస్తే, మరుసటి ఏడాది మరికొన్ని ఎకరాలు చెరువులోనుండి పైకి తేలుతవి. 1908 మూసీ వరదలో వేలాదిమంది పోయిన తరువాత హైదరాబాదు రాజ్యం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, తన బొక్కసంనుండే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించుకున్నది. ఇటీవల 2018, 2019 సంవత్సరాలలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ బాండ్లు అమ్మి దాదాపు 500 కోట్ల రూపాయలు మార్కెట్టునుండి నేరుగా తెచ్చినది. ఆ సొమ్ము వంతెనలు, రహదారుల పథకానికి పోయినది. నేరుగా ధనం తెచ్చుకునే నేర్పు నగరానికి లేదనలేము. దేనికి తెచ్చుకున్నదన్నదే విమర్శించవలసిన అంశం.

సరే, మార్గం లేదా? ఇతర దేశాల అనుభవం కొంత దారి చూపుతున్నది. దక్షిణాఫ్రికాలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ 2014లో అనుకూలన నిధినుండి సుమారు 24 లక్షల డాలర్లు తెచ్చి, తాను ఖర్చు పెట్టక, మొపానీ, నమాక్వా అనే రెండు జిల్లాలలోని చిన్న సంఘాలకు చిన్న గ్రాంట్లుగా పంచినది. ఏ పని చేయవలెనో బోర్డు ముందుగా నిర్ణయించలేదు. ఎట్లా నిర్ణయించవలెనో మాత్రం ఆమోదించినది. నమీబియాలోని పర్యావరణ పెట్టుబడి నిధి కూడ గ్రీన్ క్లైమేట్ ఫండ్‌నుండి కోటి డాలర్లు తెచ్చి ఇదే పద్ధతిలో గ్రామీణ సంఘాలకు అందించినది. దీనిని విస్తృత ప్రత్యక్ష పద్ధతి అంటున్నారు. నిర్ణయాధికారం కూడ డబ్బుతోపాటు కిందికి దిగటం ఇందులోని విశేషం. నిజానికి నేరుదారి అనే పేరు దీనికే తగును.

తెలుగు రాష్ట్రాలలో ఇందుకు కావలసిన ముక్కలన్నీ విడివిడిగా ఉన్నవి. 2015లో కేంద్రం జాతీయ అనుకూలన నిధిని ఏర్పరచినప్పుడు, నాబార్డు ద్వారానే తెలంగాణలో మహబూబ్‌నగర్ జిల్లా వ్యవసాయ కుటుంబాలకు, ఆంధ్రప్రదేశ్‌లో పాడి పరిశ్రమకు పథకాలు వచ్చినవి. హైదరాబాదు గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థకు రాష్ట్ర శీతోష్ణస్థితి ప్రణాళిక తయారుచేసిన అనుభవం ఉన్నది. ఒక్క చెరువుకు బదులు, ఒక గొలుసులోని చెరువులన్నిటికీ కలిపి, పైనుండి మూసీ దాకా ఒకే పథకంగా రాసి, కాలనీ సంఘాలకు, పురపాలికలకు అందులో చిన్న గ్రాంట్లుగా పంచే ఏర్పాటు చేయటానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. లేనిది ఎవరి పని ఇది అనే స్పష్టత. రాష్ట్రం ఢిల్లీవైపు చూస్తుంది, ఢిల్లీ బ్యాంకువైపు చూస్తుంది, బ్యాంకు ప్రతిపాదన వస్తే చూస్తామంటుంది.

2022లో షర్మ్ అల్ షేక్ సమావేశం నిర్ణయించిన నష్టపరిహార నిధి 2025 ఏప్రిల్‌లో మొదటి విడత నియమాలు ఆమోదించినది. 25 కోట్ల డాలర్లు, ఒక్కొక్క అభ్యర్థనకు 50 లక్షలనుండి 2 కోట్ల డాలర్ల దాకా. అందులో కనీసం సగం ద్వీపదేశాలకు, అతి పేద దేశాలకు కేటాయించినారు. ఇందులో కూడ నేరుగా ప్రభుత్వ బడ్జెట్‌కే సొమ్ము ఇచ్చే వీలు ఉన్నది. మిగిలిన సగంలో భారతదేశంలోని ఒక శివారు పట్టణానికి చోటు దొరుకుతుందని ఆశించటం కష్టమే.

ఏ నిధి తలుపు తట్టినా మొదట అడిగేది రికార్డు. ఎంత వాన పడితే ఏ చెరువు అలుగు ఎన్ని గంటలకు పారినది, నాలాలో నీరు ఎంత ఎత్తున నిలిచినది, ఏ వీధిలో ఎన్ని ఇళ్లలోకి ఎంత లోతున వచ్చినది, ఎన్నాళ్లు ఉన్నది? స్వామినాథన్ సంస్థవారు దివిసీమకు పథకం రాయగలిగినారంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ తీరంలో పోటుపాటులను, నేల ఉప్పును కొలిచి ఉండటమే కారణం. మీర్‌పేట్ పెద్ద చెరువు అలుగు దగ్గర ఒక కొలబద్ద నాటి, వానాకాలంలో గంటగంటకు నీటిమట్టాన్ని పుస్తకంలో రాసి ఉంచటానికి ఢిల్లీ లేఖ అక్కరలేదు, సొంగ్డో గుర్తింపు అక్కరలేదు. దానికి కావలసినది ఒక గుమాస్తా, ఒక నోటుపుస్తకం, రాత్రిపూట వెలిగే ఒక దీపం.